ఎనిమిదో మనిషి

"ఆ రోజు ముందుకొచ్చినవాళ్ళు మొత్తం ఎంతమంది?"

ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న పాస్టరు తలెత్తలేదు. భార్య ఆ ప్రశ్న అడగడం అది రెండోసారి.

"ఏడుగురు," అన్నాడు చివరికి. "అమ్మతో కలిపి."

ఆ అమ్మే ఇప్పుడు తలుపు అవతల స్పృహ లేకుండా పడి ఉంది. పదకొండేళ్ళుగా రోజూ రెండు పూటలా తన సూది తనే వేసుకునే మనిషి. పది రోజులుగా వేసుకోవడం లేదని ఇంట్లో ఎవరికీ తెలియదు. నిన్న పొద్దున్న మంచం మీంచి లేవకపోతే ఆసుపత్రికి తెచ్చారు. బట్టల కోసం ఇంటికెళ్ళిన కోడలు ఫ్రిజ్ తెరిచి చూస్తే, కూరగాయల సంచి వెనక ఇన్సులిన్ సీసా కనిపించింది. సీలు కూడా తియ్యలేదు.

ఆ సీసా కొని తెచ్చిపెట్టింది కోడలే. ఆమె పనిచేసేది మందుల షాపులో. ఒక్క పూట కూడా మానకండి అని రోజుకు నలభైమందికి చెబుతుంది. ఇంట్లో మనిషికి చెప్పాల్సిన అవసరం వస్తుందని ఆమెకు తోచలేదు.

"నేను మానెయ్యమని చెప్పలేదు," అన్నాడు పాస్టరు.

"చెప్పారు."

"నమ్మమన్నాను. అంతే."

"అత్తయ్య నా పక్కనే కూర్చుందండీ. నేను విన్నాను."

ఇద్దరికీ ఆ ఆదివారం కళ్ళముందే ఉంది. రోగమున్నవాళ్ళు ముందుకు రమ్మని అతను వేదిక మీంచి పిలిచాడు. ఎవరూ కదల్లేదు. ఇంకోసారి పిలిచాడు. నాలుగు వందలమంది కూర్చున్న హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కొడుకు చెయ్యి అలా గాల్లో చాచి ఉండిపోవడం చూడలేక ముందు లేచింది తల్లి. ఆమె లేచాక మిగతావాళ్ళు లేచారు.

"మిగతా ఆరుగురు ఎవరు?" అంది భార్య.

పాస్టరు ఆమె వైపు చూశాడు. ఆ చూపులోనే ఆమెకు జవాబు దొరికింది. ఎంతమందో అతనికి తెలుసు. ఎవరో తెలియదు.

*

ఆదివారం వీడియోలన్నీ ఆమె అన్నయ్య దగ్గర ఉంటాయి. అతనిది ఫోటో స్టూడియో. సంఘానికి కార్యదర్శి కూడా అతనే. మూడేళ్ళ కిందట అరవైమంది ఉన్న సంఘం ఇప్పుడు ఇంత అయిందంటే అందులో సగం తన కెమెరా చలవేనని అతను అనుకుంటాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఇద్దరూ స్టూడియోకి వెళ్ళేసరికి, పెద్దావిడ ఎలా ఉందని అడిగాడు. చెప్పారు. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అని అడిగాడు. చెల్లెలికి ఒళ్ళు మండింది గానీ, వీడియో పెట్టమని మాత్రం అంది.

తెర మీద పాస్టరు కనిపించాడు. తెల్ల చొక్కా, నుదుటి మీద చెమట. గొంతు గదంతా నిండింది. "ఆ సీసాలు, ఆ మాత్రలు ఇక మీకెందుకు? ఈ రోజుతో వాటితో మీకు పని అయిపోయింది."

పాస్టరు తన మాట తనే విన్నాడు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భార్య అతని వైపు చూడలేదు. గెలిచినట్టు లేదు ఆమెకు. భయం ఇంకాస్త ఎక్కువైంది, అంతే.

వీడియో అంతా వెతికినా ముందుకొచ్చినవాళ్ళ మొహాలు కనబడలేదు. కెమెరా అంతసేపూ పాస్టరు మొహం మీదే ఉంది. తెర అడుగున వెనక నుంచి కొన్ని తలలు, కొన్ని భుజాలు. అన్నయ్య వాటినే లెక్కపెట్టి ఏడుగురని రాసుకున్నాడు.

"గడియారాల తాతను పిలుద్దాం," అంది ఆమె.

అన్నయ్యకు అది నచ్చలేదు. తాత వాచీలు బాగుచేసేవాడు. సంఘం చిన్నగా ఉన్న రోజుల్లో ప్రతి మంగళవారం కొట్టు మూసేసి, ఒక పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ఎవరికి జబ్బు, ఎవరింట్లో గొడవ, ఎవరికి పని పోయింది, అన్నీ అందులో రాసుకునేవాడు. హాలు పెద్దదయ్యాక, మూడు ఆరాధనలు మొదలయ్యాక, ఇళ్ళకు తిరిగే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇంటింటి కూడికలు ఆగిపోయాయి. వాక్యం నేర్చుకునే శుక్రవారం తరగతి ఆగిపోయింది. తాతను ఎవరూ పొమ్మనలేదు. రమ్మనడం మానేశారు.

తాత వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, తెరకు దగ్గరగా వంగాడు. ఒక వీపు చూసి కుట్టుమిషను ఆవిడ అన్నాడు. ఒక బట్టతల చూసి తపాలా ఆయన అన్నాడు. మొహాలతో పనిలేకుండా ఐదుగురిని ఆనవాలు పట్టాడు.

మధ్యాహ్నానికల్లా ఆ ఐదుగురితో మాట్లాడారు. ఇద్దరికి మోకాళ్ళ నొప్పులే. ఒకాయన బీపీ మాత్రలు దాచుకుని వేసుకుంటున్నాడు, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. కుట్టుమిషను ఆవిడ మానేసింది. తల తిరుగుతోందని కూడా చెప్పింది. మళ్ళీ మొదలుపెట్టమంటే ఏడ్చింది. తపాలా ఆయన రేపటి నుంచి మానేద్దామనుకుంటున్నానన్నాడు.

మిగిలింది ఒక్క భుజం. తెర అంచున, నీలం యూనిఫాం చొక్కా.

తాత ఆ భుజాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పాత పుస్తకం తిరగేశాడు. ఒక ఇంటి పేజీ దగ్గర వేలు ఆగింది. అందులో ఆయన రాతలోనే ఉంది: మూర్ఛ, రోజూ మందులు.

"ఎవరు తాతగారూ?" అన్నాడు పాస్టరు.

"సైకిలు షాపు పైన ఉంటాడు బాబూ. స్కూలు వ్యాను నడుపుతాడు."

పాస్టరు గోడ గడియారం వైపు చూశాడు.

ముందు తేరుకున్నది అన్నయ్యే. సాయంత్రం ఆరింటికి కూడిక ఉందని, పొరుగూళ్ళ నుంచి కూడా మనుషులు వస్తున్నారని, ఈ గొడవ గుట్టుగా సర్దుకుంటే అందరికీ మంచిదని నచ్చజెప్పబోయాడు. ఇప్పుడు బావ నోట తప్పైందన్న మాట వస్తే, వచ్చినవాళ్ళలో సగంమంది వెనక్కి పోతారన్నాడు. "ఇంత పెరిగిన సంఘాన్ని మన చేతులతో మనమే కూల్చుకుందామా బావా?"

తాత పుస్తకం మూశాడు. "పెరిగింది, కాదనను. పిల్లాడికి ఒక్క చెయ్యే పెరుగుతూ పోతుంటే సంతోషిస్తామా బాబూ? డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాం."

*

సైకిలు షాపు పక్కనుంచి ఇనుప మెట్లెక్కి పైకి వెళ్తే ఒకటే గది. తలుపు తీసింది డ్రైవరు భార్య. పాతికేళ్ళుండవు. పాస్టరును గుమ్మంలో చూసి కంగారు పడింది. కుర్చీ తుడిచి వేసింది. నీళ్ళు తెచ్చింది. గ్లాసు పట్టుకున్న చేతికి కట్టు ఉంది. ఏమైందని పాస్టరు భార్య అడిగితే, పొయ్యి తగిలిందండీ అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

పాస్టరు కూర్చోలేదు. మీ ఆయన ఎక్కడున్నాడు, ఎప్పుడొస్తాడు, ఒంట్లో ఎలా ఉంది, గబగబా అడిగాడు. బాగానే ఉన్నారండీ అందామె. మూడున్నరకు బడి వదిలాక పిల్లల్ని దింపుతూ వస్తారని, బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తరని, ఆఖరి స్టాపు నీళ్ళ ట్యాంకు దగ్గరని చెప్పింది. ఏదో అడగబోయినట్టు పెదవులు కదిలాయి. అప్పటికే పాస్టరు మెట్లు దిగుతున్నాడు.

బడి దగ్గరికి వెళ్ళేసరికి వ్యాను వెళ్ళిపోయింది.

నీళ్ళ ట్యాంకు దగ్గర స్కూటరు ఆపి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. నాలుగూ పది. నాలుగూ పావు. వచ్చే ప్రతి వ్యానూ అదేనేమో అనిపించింది. మూల మీద ఒక లారీ గట్టిగా బ్రేకు వేస్తే పాస్టరు భార్య చేత్తో నోరు మూసుకుంది. ఎంతమంది పిల్లలుంటారని అతను అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. చెబితే ఆ మొహాలు కనిపిస్తాయేమోనని భయం.

"ప్రార్థన చెయ్యనా?" అన్నాడతను నెమ్మదిగా.

"చెయ్యండి. గట్టిగా మాత్రం వద్దు."

నాలుగున్నరకు పసుపు వ్యాను మలుపు తిరిగింది. మెల్లగా వచ్చింది, మెల్లగా ఆగింది. లోపల ముగ్గురే పిల్లలు మిగిలారు. ఒకరు నిద్రపోతున్నారు. పాస్టరు వెళ్ళి కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు, బండి మళ్ళీ కదులుతుందేమోనన్నట్టు.

డ్రైవరు నవ్వుతూ దిగాడు. విషయం విన్నాక ఆ నవ్వు అయోమయంగా మారింది.

"నాకేం జబ్బు అయ్యగారూ? మూర్ఛ ఉన్నవాడికి వ్యాను ఎవరిస్తారు?"

"మరి ఆ రోజు ముందుకొచ్చారుగా."

"వచ్చింది మా ఆవిడ. ఒక్కతే రావడానికి భయపడితే పక్కన నిలబడ్డాను." అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "తను నా అవతలి పక్కనుంది. మీరు చూడలేదా?"

ఏడుగురు కాదు. ఎనిమిదిమంది. ఎనిమిదో మనిషి కెమెరాకు అందలేదు.

పాస్టరు భార్యకు ఆ చేతి కట్టు గుర్తొచ్చింది. అడిగాను, చెప్పింది, నమ్మాను అనుకుంది. మాత్రలు వేసుకుంటోందా అని డ్రైవరును అడిగింది. వేసుకుంటూనే ఉంటుందిగా అని మొదలుపెట్టి, అతను మధ్యలో ఆగిపోయాడు. పొద్దున్న ఐదింటికే ఇంట్లోంచి వెళ్ళిపోతానన్నాడు. ఇళ్ళవాళ్ళు వచ్చేదాకా ముగ్గురు పిల్లల్ని రోడ్డు మీద వదిలి రాలేడు. మీరు ముందు వెళ్ళండి అమ్మగారూ, అని మాత్రం అన్నాడు.

*

మెట్లు ఎక్కుతుంటే పైన ఏ అలికిడీ లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పాస్టరు భార్య తోసింది.

డ్రైవరు భార్య కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవి చివర కొంచెం రక్తం. ఇప్పుడే తగ్గింది అక్కా, అని నాలుక తడబడుతూ చెప్పింది.

పాస్టరు భార్య ఆమెను ఒడిలోకి తీసుకుని మొహం తుడిచింది. ఈ పది రోజుల్లో ఇది మూడోసారట. రెండోసారి పొయ్యి మీద పడింది. మొగుడికి చెప్పలేదు. చెబితే మాత్రలు వేసుకోమంటాడు. వేసుకుంటే నమ్మకం లేనట్టవుతుంది.

మాత్రల డబ్బా అలమరలోనే ఉంది. పాస్టరు భార్య ఒక మాత్ర తీసి ఆమె చేతిలో పెట్టింది. ఈ పూటది వేసుకో, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానంది. ఆమె మాత్ర వైపు చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ పాస్టరు వైపు చూసింది.

అతను వచ్చి నేల మీద ఆమె ఎదుట కూర్చున్నాడు.

"వేసుకోమ్మా. ఆ రోజు నేనన్నది తప్పు. మందులు మానమని దేవుడు నాతో చెప్పలేదు. నేనే అన్నాను."

"నిజమేనా అయ్యగారూ?"

"నిజం."

"ఆ రోజు కూడా ఇంతే గట్టిగా చెప్పారు."

ఆమెలో కోపమేమీ లేదు. నిజంగానే ఎటూ తేల్చుకోలేక అడుగుతోంది. రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఒకటి అందరి ముందు, ఒకటి ఈ గదిలో. ఏది దేవుడి మాటని తను ఎలా తెలుసుకోవాలి? "సాయంత్రం కూడిక ఉందిగా," అంది. "అక్కడ చెప్పండి. విన్నాక వేసుకుంటాను."

పాస్టరు భార్య ఎంతో చెప్పింది. ఇప్పుడు వేసుకో, అక్కడ ఎలాగూ చెబుతారు అంది. ఈలోపల మళ్ళీ వస్తే ఏమవుతుందో, షాపులో చూసిన ఒక కేసు గురించి కూడా చెప్పింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. మాత్రను పిడికిట్లో పెట్టుకుని లేచి నిలబడింది. పాస్టరు డ్రైవరుకు ఫోను చేసి, పిల్లల్ని అప్పగించాక నేరుగా మందిరానికి రమ్మన్నాడు.

ఆమెను స్కూటరు ఎక్కించడానికి భయమేసింది. మందిరం అక్కడికి పది నిమిషాల నడకే. ఆ పది నిమిషాలూ పాస్టరు భార్య ఆమె చెయ్యి వదల్లేదు. ఆమెను రోడ్డు లోపలి వైపు ఉంచి, తను బండ్ల వైపు నడిచింది. ఆమె అడుగు కొంచెం తడబడినా ఆ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ముందు నడుస్తున్న పాస్టరు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. చెబుతాడా అని ఆమె తనను తాను అడిగింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. జవాబు తెలియలేదు.

*

హాలు నిండిపోయింది. వెనక గోడ దాకా కుర్చీలు వేసినా చాలక కొందరు నిలబడ్డారు. వేదిక మీద మైకు అన్నయ్య చేతిలో ఉంది.

"మన అయ్యగారి అమ్మగారు ప్రాణాపాయంలో ఉన్నారని మీలో కొందరు విన్నారు," అంటున్నాడతను. "ఈ రోజు మధ్యాహ్నం అమ్మగారు కళ్ళు తెరిచారు. మన ప్రార్థన విన్న దేవుడికి స్తోత్రం."

హాలంతా చప్పట్లు. పాస్టరు భార్య ఒక్క క్షణం నమ్మింది. ఫోను తీసి చూసింది. ఆసుపత్రి నుంచి కబురేమీ లేదు. నర్సుకు ఫోను చేసి గోడవైపు తిరిగి అడిగింది. మార్పేమీ లేదండీ, అంది నర్సు.

ఆమె తల తిప్పేసరికి భర్త వేదిక మెట్లు ఎక్కుతున్నాడు. ఆమె దూరం నుంచే అతనికి తల అడ్డంగా ఊపింది. అతను చూశాడు. బావమరిది చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మా అమ్మ కళ్ళు తెరవలేదు," అన్నాడు.

చప్పట్లు అక్కడొకటి ఇక్కడొకటి మోగి ఆగిపోయాయి.

"పది రోజులుగా ఆవిడ సూది వేసుకోలేదు. నా మాట విని..."

మైకు కట్టయింది.

పాస్టరు దాన్ని తట్టి చూశాడు. అన్నయ్య వేదిక పక్కన, స్విచ్చుల పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. పాస్టరు అటు ఒకసారి చూసి, మైకు కింద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. రోజంతా ఆసుపత్రిలో, రోడ్ల మీద అరిగిపోయిన గొంతు. ముందు నాలుగు వరసలవాళ్ళు మెడలు చాచి వింటున్నారు. వెనకవాళ్ళకు అతని పెదవులు కదలడం మాత్రమే కనిపిస్తోంది.

"ఏమంటున్నారక్కా?" అంది డ్రైవరు భార్య. పిడికిలి బిగిసి ఉంది. "నాకు వినపడటం లేదు."

ఈ హాల్లో పాస్టరు భార్య ఎప్పుడూ నోరెత్తి ఎరగదు. మూడో వరసలో కూర్చోవడం, అందరూ వెళ్ళాక తాళం వెయ్యడం, అదే ఆమె పని. ఆమెకు కూడా సగం మాటలే అందుతున్నాయి. మిగతావి అతని మొహం చూసి తెలిశాయి.

"మందులు మానమనడం తన తప్పంటున్నారు," అంది, హాలంతా వినబడేలా. "దేవుడు అలా చెప్పలేదంటున్నారు. మానేసినవాళ్ళు ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టమంటున్నారు. వాళ్ళ అమ్మను తనే ఆ మంచం మీద పడుకోబెట్టానంటున్నారు."

నాలుగు వందల తలలు వెనక్కి తిరిగాయి. వేదిక పక్కనుంచి అన్నయ్య కూడా చూశాడు. చిన్నప్పుడు తనను వీధిలో కొట్టిన పిల్లాడి వైపు అన్నయ్య చూసిన చూపు ఆమె ఎరుగును. ఇప్పుడది తన మీదుంది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నీళ్ళున్నాయా అక్కా?" అని పక్కనుంచి చిన్నగా వినిపించింది.

ఆమె నీళ్ళ కోసం చుట్టూ చూస్తుండగా, మధ్య వరసలో ఎవరో ఒకాయన లేచాడు. పెద్ద వయసు. ఆమె ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఈ హాల్లో ఎంత కాలంగా కూర్చుంటున్నాడో తెలియదు.

"నేను ముందుకు రాలేదమ్మా," అన్నాడాయన. "ఇంట్లోనే మానేశాను. మా ఆవిడవి కూడా మాన్పించాను. రెండు రోజులుగా ఆవిడ మంచం దిగడం లేదు."

ఆయన వెనక ఒకామె లేచింది. కిటికీ పక్కన ఇంకొకరు. తర్వాత ఒక తల్లి, పక్కనున్న కూతురి చెయ్యి పట్టుకుని, ఇద్దరూ కలిసి.

వేదిక మీద పాస్టరు మాట్లాడటం ఆపేశాడు. వాళ్ళు ఒక్కొక్కరే, హాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా, లేచి నిలబడుతూనే ఉన్నారు.